బూట్లలో అత్తమ్మ వాటా

ఆ రోజుల్లో నాకు వాదించడం తప్ప వేరే వ్యాయామం లేదు. ఆ రోజులంటే మరీ వెనకటివేం కావు, అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు ఉన్న రోజులే. తోటివాళ్లంతా మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునే వయసులో, పిల్లలు కాస్త పెద్దయ్యాక, నేను తొలి ఉద్యోగంలో చేరాను. సూర్యాపేటలో బస్సెక్కి రోజూ మిర్యాలగూడ పోయి, అక్కడొక జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. మనిషిని నడివయసు దాన్నే గానీ ఉద్యోగంలో పసిదాన్ని. మొదటి జీతం వచ్చిన నాడు స్టాఫ్‌రూమ్‌లో అందరికీ సమోసాలు తినిపించి, ఎవరూ అడగకపోయినా పొదుపు మీద ఉపన్యాసం కూడా ఇచ్చాను. (అడగని ఉపన్యాసం ఇవ్వగలగడమే లెక్చరర్‌కు అసలు అర్హత అని అప్పటికే కనిపెట్టాను.)

అంతా విని కంప్యూటర్ మేడం, నాకంటే చాలా చిన్నపిల్ల, మెల్లగా అడిగింది, రోజూ షేర్ల పాఠం చెప్తారు గదా, మీకెన్ని షేర్లున్నాయని. ఒక్కటీ లేదు. అప్పుడు తన ఫోన్‌లో ఒక యాప్ చూపించింది. అందులో అరుదైన బూట్లు, ఆటగాళ్లు సంతకం చేసిన బ్యాట్లు, పాతకాలపు గడియారాలు ఉన్నాయి. వస్తువు ఒక్కటే, సొంతదారులు మాత్రం వందలమంది. వస్తువేమో ఏదో పెద్ద నగరంలో లాకర్లో పడుకుని ఉంటుంది, ధర పెరిగినప్పుడు అమ్మి ఎవరి వాటా వాళ్లకు పంచుతారు. ఎరుపూ నలుపూ కలిసిన ఒక బూట్ల జతలో ఆమెకు చిన్న ముక్క ఉందట. బూట్ల మీద డబ్బులు పెట్టేవాళ్లను ఏమనాలో లంచ్ అయ్యేదాకా చెప్పాను. ఆమె నవ్వి, "వద్దులెండి మేడం, మీకు రిస్క్ పడదు" అంది. నాకు పడదని ఎవరైనా అంటే అది పడేదాకా నాకు నిద్ర పట్టదు. సాయంత్రం బస్సు సూర్యాపేట చేరేసరికి ఆ జతలో నాకూ ఒక ముక్క ఉంది.

ఇంట్లో అత్తమ్మ తిడుతుందనుకుని జవాబులు వరుసగా పేర్చుకుని వెళ్లాను. ఆమె తిట్టలేదు. పైగా నేను సగం చెప్పకముందే అందుకుంది. "గింత ముచ్చటకు గంత ఇంగ్లీషెందుకే? బూట్లను పాలుకు పెట్టిర్రు, గంతేనా?" ఆమె గొర్లు తుంగతుర్తిలో తమ్ముడి దగ్గర పాలుకు ఉంటాయి. గొర్లు ఈమెవి, మేపేది ఆయన, పుట్టిన పిల్లలు చెరి సగం. కాబట్టి ఈ వ్యాపారం నాకంటే ఆమెకే బాగా అర్థమైనట్టు కనిపించింది. గొర్రెపిల్లను అమ్మిన పైసలు కొంగుముడి విప్పి నా చేతిలో పెట్టి, తనకూ ఒక వాటా కొనమంది. నా పెళ్లయ్యాక అత్తమ్మా నేనూ ఒక మాట మీద నిలబడడం అదే మొదటిసారి.

నెల తిరిగేసరికి అసలు పరేషాన్ మొదలైంది. అత్తమ్మ మంచి చీర కట్టుకుని, సంచి పట్టుకుని వచ్చింది, పోయి బూట్లను చూసొద్దామని. పాలుకు పెట్టినోళ్లు నెలకోసారన్నా పోయి చూడకపోతే మేపేటోడికి భయముండదట. అలా చూడనివ్వరని నాకు తెలిసినంతా చెప్పాను. ఆమె విని, "మనయే అంటవ్, సూడనియ్యరంటవ్. మరి గవి మనయెట్లయినయే?" అంది. జవాబు లేకపోవడం నాకు జ్వరం లాంటిది.

ఆ జ్వరం తగ్గకముందే కోదాడలో ఆడబిడ్డ గృహప్రవేశం వచ్చింది. అత్తమ్మ అప్పటికే చుట్టాలందరికీ తన బూట్ల సంగతి చెప్పుకుంది. భోజనాల దగ్గర ఆమె అల్లుడు, అంటే ఆడబిడ్డ భర్త, నాకు వరసకు అన్నయ్య, వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగాడు. "అత్తయ్యా, మిమ్మల్ని ఎవరో శుభ్రంగా మోసం చేశారండీ. ఫోన్లో బొమ్మ చూపిస్తే బూట్లున్నట్టేనా?" పంక్తి పంక్తంతా నవ్వింది. కూతురి కొత్తింట్లో, అందరి ముందు, అత్తమ్మ తలొంచుకుని విస్తట్లో అన్నం కెలుకుతూ కూర్చుంది. ఎవరికీ తలొగ్గని మనిషి. ఆమెతో పోట్లాడే హక్కు నాది, ఎన్నో ఏళ్లు కష్టపడి సంపాదించుకున్నది. ఇంకెవరో వచ్చి ఆమె నోరు మూయిస్తే నేను చూస్తూ ఊరుకోలేను.

చెయ్యి కడుక్కుని బయటికొచ్చి, గుమ్మం ముందు గుట్టపడ్డ చెప్పుల మధ్య మెట్టు మీద కూర్చుని యాప్ వాళ్లకు ఫోన్ చేశాను. అదృష్టవశాత్తూ ఎత్తిన అమ్మాయికి తెలుగొచ్చు. ఆమెకది దురదృష్టమే. వాటాదారుకు తన ఆస్తిని తనిఖీ చేసుకునే హక్కుందని మొదలుపెట్టి కంపెనీ చట్టం మొత్తం అప్పజెప్పాను. (చట్టంలో బూట్ల ఊసు లేదు, కానీ నా గొంతులో ఉంది.) అది కుదరదని ఆమె ఎన్నిసార్లు చెప్పినా నేను వదల్లేదు, చివరికి అసలు సంగతి చెప్పాను, లోపల మా అత్తమ్మ అన్నం తినకుండా కూర్చుందని. అమ్మాయి నా నంబరు రాసుకుంది. పై వాళ్లను అడిగి చెప్తానంది. పాయసం వడ్డించే వేళకు వీడియో కాల్ వచ్చింది.

ఫోన్‌ను నీళ్ల జగ్గుకు ఆనించి నిలబెట్టాను. తెరలో తెల్ల గ్లౌజుల చేతులు రెండు, వాటి మధ్య ఎరుపూ నలుపూ బూట్లు. చుట్టాలంతా మూగారు. అత్తమ్మ పైట సర్దుకుని, సంతలో జీవాన్ని చూసినట్టు చూడడం మొదలుపెట్టింది. తిప్పమంది, అడుగు చూపించమంది, కుట్లు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూడమంది. పళ్లు చూపించమనలేదు, అంతవరకు నయం. ఆఖరుకు అడిగింది, "ఎప్పుడన్న ఎవలన్న తొడుక్కున్నరా బిడ్డా?"

"లేదు అమ్మమ్మా, తొడుక్కుంటే రేటు పడిపోతుంది" అంది తెరలోంచి ఆ అమ్మాయి గొంతు.

అత్తమ్మ కాస్త ఆలోచించింది. "అయితే జర గాలికన్న పెట్టుర్రి, పాపం."

అన్నయ్య వెనక నుంచి వంగి, గొంతు తగ్గించి, అందులో ఇంకా వాటాలేమైనా మిగిలాయా చెల్లెమ్మా అని నన్నడిగాడు. అత్తమ్మకు వినబడనే వినబడింది. తల తిప్పకుండానే, "అయిపోయినయ్ అల్లుడూ. ముందుగాల్నే అడగాలె మీరు" అని పాయసం గిన్నె దగ్గరికి జరుపుకుంది.

తర్వాత కొన్నాళ్లకు ఆ జతను కొనడానికి ఎవరో ముందుకొచ్చారని యాప్ మా అందరి ఓటు అడిగింది. ఎక్కువమంది సరేనన్నారు, అమ్ముడుపోయింది. పెట్టినదానికి కాస్త ఎక్కువే వచ్చింది, కంప్యూటర్ మేడం ముందు గొప్పలు చెప్పుకోవడానికి సరిపోయేంత. అత్తమ్మ మాత్రం కొన్నోళ్లు తొడుక్కుంటరా అని అడిగింది. లేదు, వాళ్లూ అద్దాల పెట్టెలోనే పెడతారన్నాను. గొర్లను అమ్మిన రోజు కూర్చున్నట్టే వాకిట్లో కూర్చుంది. "ఒక్కనాడన్న బజార్ల నడ్వకపాయె గవి" అంది. నాకు పది జవాబులు తోచాయి. ఒక్కటీ చెప్పబుద్ధి కాక, పక్కన పోయి కూర్చున్నాను.

ఇప్పుడు నేనూ అందరిలాగే ఏ యాప్ ఏ షరతు చూపినా చదవకుండా ఒప్పుకుంటున్నానని నొక్కేస్తున్నాను. అన్నిటికీ వాదించే ఓపిక లేదు. ఒక్కోసారి మాత్రం కోదాడలో చెప్పుల గుట్ట మధ్య కూర్చుని, ఎక్కడో ఉన్న పిల్ల మీద లేని చట్టాన్ని ప్రయోగిస్తున్న ఆ పట్టుచీర ఆవిడ, అంటే అప్పటి నేను, గుర్తొస్తుంది. ఎదురుపడితే కూర్చోబెట్టి చాయ్ పోస్తాను. చక్కెర ఎక్కువైందని తప్పకుండా పేచీ పెడుతుంది. పెట్టనీ, ఈసారి ఆవిడనే గెలవనిస్తాను.