మా ఆరంభం అత్తయ్య

మా అత్తయ్య మొదలుపెట్టని విద్య లేదు. పూర్తిచేసిన విద్యా లేదు. ఈత పదకొండు రోజులు, టైపు పంతొమ్మిది రోజులు, వయొలిన్ నెల మీద రెండు రోజులు, కారు రెండో గేరు దాకా. ఇంట్లో అందరూ ఆమెను 'ఆరంభం' అనే పిలిచేవారు. కొత్తగా పరిచయమైనవాళ్ళు అదే అసలు పేరనుకుని "ఆరంభంగారూ" అంటే, ఆమె ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా పలికేది.

ఆమె మా నాన్నకి అక్క. లాండ్రీలో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. మావయ్య ఇంట్లోనే ఒక గదిలో గడియారాలు బాగుచేస్తాడు. అత్తయ్య గురించి నేనేమైనా అడిగితే కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే చెప్పేవాడు.

"మీ అత్తయ్య గడియారం కాదమ్మా, అలారం. మోగుతుంది, ఆగిపోతుంది. టైము మాత్రం అడక్కూడదు."

వాళ్ళింట్లో ఉన్న ఒక్క అద్దం నిండా ఆమె చీటీలు అంటించింది. 'ఈ రోజే మొదటి రోజు', 'లే, నడువు', 'నిన్నటి నువ్వు వేరు'. మావయ్య ఆ చీటీల మధ్య మిగిలిన నాలుగంగుళాల జాగాలో ఒక్కో చెంప చొప్పున గడ్డం గీసుకునేవాడు. 'ఈ రోజే మొదటి రోజు' చీటీ అంటించి అప్పటికి ఆరేళ్ళు.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు రెండు అరల నిండా ఉండేవి. ప్రతిదాంట్లోనూ మొదటి అధ్యాయం చివర ఒక లాండ్రీ చీటీ గుర్తుగా ఉండేది. ఆ తర్వాతి పేజీలు కొత్త నోట్లలా పెళపెళలాడేవి. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. ఏ పుస్తకాన్నైనా సగంలో వదిలేస్తే నాకు నిద్రపట్టదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అత్తయ్యా, చివరికి ఏం చెప్తాడో తెలుసుకోవాలని లేదా?"

"ఏం చెప్తాడే, లేచి పని మొదలుపెట్టమంటాడు. మొదటి అధ్యాయానికే లేచాను కదా, మళ్ళీ కూర్చుని చదవడమెందుకు?"

నేను ఆ లాండ్రీ చీటీని మళ్ళీ మొదటి అధ్యాయం చివరే పెట్టేశాను.

ఈత సంగతి మా ఇంట్లో పదేపదే చెప్పుకునేవాళ్ళం. పదకొండు రోజులూ ఆమె కొలను అంచున ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడింది. పక్కన అదే కడ్డీ పట్టుకుని, నీళ్ళంటే వణికిపోయే ఒక పోస్ట్‌మాన్. పదకొండో రోజు ఆ పోస్ట్‌మాన్ ఎలా వెళ్ళాడో ఏమో, అవతలి గట్టుకి చేరాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా అత్తయ్య అందరికంటే గట్టిగా కొడదామని రెండు చేతులూ ఎత్తి, కడ్డీ వదిలిన సంగతి మరిచిపోయి బుడుంగున మునిగింది. ఆమెను పైకి లాగింది ఆ పోస్ట్‌మానే. మర్నాటి నుంచి ఈత బంద్.

"పన్నెండో రోజు ఏమొచ్చిందక్కా?" అని నాన్న అడిగాడు.

"విసుగొచ్చిందిరా."

నాన్న నావైపు తిరిగి, "చూశావా, మా అక్క జీవితమంతా ముందుమాటే. అసలు పుస్తకం లేదు" అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వుకి తర్వాత సిగ్గుపడ్డాను. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నా చదువు అయిపోయిన ఏడాది ఒక కాలేజీలో అధ్యాపకురాలి ఉద్యోగం ఒక్కటంటే ఒక్కటి ఖాళీ పడింది. నా మార్కులు చూసి పిలిచారు. మూడు వారాల్లో వచ్చి, ముగ్గురు పెద్దల ముందు, నలభైమంది విద్యార్థులకి ఇరవై నిమిషాలు పాఠం చెప్పాలన్నారు. చిక్కంతా అక్కడే ఉంది. పుస్తకం ముందు నాకు భయం లేదు. మనిషి ముందు నోరు పెగలదు. సెమినార్‌లో నేను చదివిన పత్రం మొత్తం నా ముందున్న బల్ల ఒక్కటే విన్నది.

"రాకపోతే పోయిందిలే అమ్మా," అన్నాడు నాన్న. "నా స్నేహితుడి గిడ్డంగిలో సీటు ఉంది. వచ్చిన లారీల నంబర్లు రాసుకోవడమే. రోజంతా ఒక్క మాట మాట్లాడక్కర్లేదు."

ఆయన ఓదార్పుగానే అన్నాడు. నాకు మాత్రం భయమేసింది. ఎందుకంటే ఆ సీటు నాకు సరిగ్గా సరిపోతుందని నాకు తెలుసు. అందులో కూర్చుంటే ఇక లేవనని కూడా తెలుసు.

టైర్ల దుకాణం పైన ఒక గదిలో ఉపన్యాస కళ నేర్పుతారని విని చేరాను. మాస్టారు బస్టాండులో ముప్ఫయ్యేళ్ళు ప్రకటనలు చదివి రిటైరైన మనిషి. కుర్చీ జరపమనాలన్నా, "దయచేసి గమనించండి. కిటికీ పక్క కుర్చీ మరికొద్ది సేపట్లో గోడ వైపు బయలుదేరును" అనేవారు. ఆయన బల్ల మీద ఒక గంట ఉండేది. మాట్లాడేవాళ్ళు 'అంటే' అని గానీ, 'మరి' అని గానీ నీళ్ళు నమిలితే టంగుమని కొట్టేవారు. రెండు నిమిషాలకు ఎన్నిసార్లు మోగిందో బోర్డు మీద వేసేవారు.

మొదటి రోజు నాకు పదిహేడు. బోర్డు మీద అదే పెద్ద అంకె. రెండో రోజు వెళ్ళకూడదని మెట్లు దిగేలోపే తీర్మానించుకున్నాను. అయినా సంచీ మరిచిపోయి వచ్చాను కాబట్టి వెళ్ళక తప్పలేదు. తీరా చూస్తే నా పక్క కుర్చీలో, కొత్త పెన్సిల్ చెక్కుకుంటూ అత్తయ్య.

"నువ్వేంటి ఇక్కడ?"

"చేరాను. మనిషి అన్నాక మాట నేర్చుకోవద్దూ?"

ఆ రోజు అంశం 'నా జీవిత లక్ష్యం'. అత్తయ్య లేచింది.

"నేను... అంటే... మరి... మా అమ్మకి నొప్పులొస్తున్నప్పుడు... అంటే అప్పుడు రిక్షా... మరి ఆ రిక్షావాడు..."

గంట ఆగకుండా మోగింది. కింద టైర్ల దుకాణంవాళ్ళు మంటలేమైనా అంటుకున్నాయేమోనని పైకి వచ్చి చూశారు. రెండు నిమిషాలు అయ్యేసరికి నలభయ్యొక్కసారి మోగింది. జీవిత లక్ష్యం సంగతి అటుంచి, ఆమె ఇంకా పుట్టనే లేదు. మా నానమ్మ ఆసుపత్రి మొదటి మెట్టు మీద ఉంది.

తర్వాత నా వంతు. నాకు మళ్ళీ పదిహేడే, కానీ నలభయ్యొక్కటి తర్వాత అది ఎవరి కంటికీ ఆనలేదు. కూర్చోగానే అత్తయ్య నా చెవిలో, "నువ్వు వార్తలు చదువుతున్నట్టు మాట్లాడావే" అంది.

అలా రోజూ జరిగింది. నేను పదమూడుకి దిగాను, తొమ్మిదికి దిగాను. అత్తయ్య నలభై దగ్గరే స్థిరంగా ఉంది. అంశం ఏదైనా ఆమె నానమ్మతోనే మొదలుపెట్టేది. రెండు వారాలకి నానమ్మ మూడో మెట్టు ఎక్కింది. క్లాసు అంతా ఆ కాన్పు కోసం ఆత్రంగా ఎదురుచూసేది. నేనైతే అత్తయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, వాక్యం ఎలా ముగించాలో నేర్పడం కూడా మొదలుపెట్టాను. నేను ఒకరికి మాట్లాడటం నేర్పుతున్నానన్న విషయం నాకే తట్టలేదు.

పరీక్షకి నాలుగు రోజులుందనగా నాకు గంట మూడుసార్లే మోగింది. మర్నాడు అత్తయ్య రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నా గంటలు మళ్ళీ తొమ్మిదికి ఎగబాకాయి.

తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. అత్తయ్య నేల మీద చదరంగం బల్ల పరుచుకుని, ఏనుగుని గుర్రంలా దూకిస్తోంది.

"క్లాసుకి రావట్లేదేం?"

"విసుగొచ్చిందే. చదరంగం మొదలుపెట్టాను. మెదడుకి మంచిదట."

అప్పుడు నాకేమైందో తెలియదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ ఒక మాట అనని దాన్ని, గుమ్మంలో నిలబడి అందుకున్నాను. నీకిది ఆటే కావచ్చు, నాకు మాత్రం బతుకు అన్నాను. శుక్రవారం కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు నోరు మూతపడితే జన్మంతా లారీల నంబర్లు రాసుకోవాలన్నాను. ఈత వదిలేశావు, వయొలిన్ వదిలేశావు, సరే, మనుషుల్ని కూడా సగంలో వదిలేస్తారా అన్నాను. నాన్న నీ గురించి అనేదంతా నిజమే అని కూడా అన్నాను.

పక్క గదిలోంచి మావయ్య తల బయటపెట్టాడు. "ఎవరే అది, రేడియోనా?"

అత్తయ్య ఏనుగు చేత్తో పట్టుకుని నన్నే చూస్తోంది. ముఖంలో కోపం లేదు, బాధా లేదు. పదకొండో రోజు కొలనులో చప్పట్లు కొట్టబోయినప్పుడు అచ్చం ఇలాగే ఉండి ఉంటుంది.

"ఎంత బాగా తిట్టావే," అంది. "మధ్యలో ఒక్క 'అంటే' లేదు."

తలుపు దఢాలున వేసి వచ్చేశాను.

మర్నాడు క్లాసులో నా ముఖం చూసి మాస్టారు పక్కకి పిలిచారు. అత్తయ్య మీద ఉన్న అక్కసంతా వెళ్ళగక్కాను. ఆయన గంటని జేబురుమాలుతో తుడుస్తూ విన్నారు.

"దయచేసి గమనించండి. మీ అత్తయ్యగారు ఇక్కడ చేరడం ఇది మూడోసారి."

"మూడోసారా?"

"మొదటిసారి ఒక నర్సమ్మ ఉండేది. తర్వాత ఒక బట్టలు కుట్టేవాడు. ఇప్పుడు మీరు. ప్రతిసారీ మొదటి రోజు అయిపోగానే మెట్లెక్కి వస్తారు. 'మాస్టారూ, రేపు ఎవరు మానేస్తారనిపిస్తోంది? వాళ్ళ పక్క కుర్చీ నాకివ్వండి' అంటారు. ఆ మనిషికి గంట అయిదుసార్లకంటే తక్కువ మోగగానే వెళ్ళిపోతారు."

నేను పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయాను.

"అంటే... అదంతా నటనా? నలభయ్యొక్కటీ?"

మాస్టారు అలవాటు కొద్దీ గంట ఒకసారి కొట్టి, గొంతు తగ్గించారు.

"లేదమ్మా. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ముప్ఫయ్యేళ్ళ అనుభవంతో చెప్తున్నాను, ఆవిడకి నిజంగానే రాదు."

శుక్రవారం వచ్చింది. కాలేజీ గదిలో నలభైమంది, వెనక బల్ల మీద ముగ్గురు పెద్దలు. నేను చెప్పాల్సింది ఒక కథ. అందులో ఒక ముసలాయన, ఎవరో తలుపు కొడుతున్నా తీయడు. మొదటి అయిదు నిమిషాలు బాగానే గడిచాయి. "ఆయన తలుపు ఎందుకు తీయలేదు?" అని అడిగాను. ఎవరూ పలకలేదు. మూడో వరసలో ఒకమ్మాయి పుస్తకాన్ని గోడలా అడ్డం పెట్టుకుంది. ఆమెకి సమాధానం తెలుసు. నాకు అర్థమైంది, ఎందుకంటే పదిహేడేళ్ళు నేను ఆ గోడ వెనకే చదువుకున్నాను.

"సరే, నేనే చెప్తాను. తప్పయితే దిద్దండి," అన్నాను. "ఆయనకి తాళంచెవి కనబడలేదేమో."

"తాళం వేయలేదు మేడమ్, గడియే," అన్నారెవరో.

"అయితే స్నానం చేస్తున్నాడేమో."

నవ్వులు మొదలయ్యాయి. నేను అలా తప్పు మీద తప్పు చెప్పుకుంటూ పోయాను. ఆయనకి చెవుడన్నాను, బద్ధకమన్నాను. వెనక బల్ల మీది పెద్దావిడ సైతం ఉండబట్టలేక చేయెత్తింది. ఆరో తప్పుకి ఆ గోడ పక్కకి జరిగింది.

"కాదు మేడమ్," అంది ఆ అమ్మాయి. "వచ్చింది ఎవరో ఆయనకి తెలుసు. క్షమించాల్సొస్తుందని తీయలేదు."

ఆ తర్వాత ఆమె ఒక నిమిషం పాటు మాట్లాడింది. నేను చెప్పాలని రాసుకున్నదానికంటే బాగా చెప్పింది. ఇరవై నిమిషాలు ఎప్పుడు అయిపోయాయో తెలియలేదు.

మధ్యాహ్నానికల్లా పిలిచి, సోమవారం నుంచి రమ్మన్నారు. మెట్లు దిగుతుంటే ఒంట్లో బరువంతా ఎవరో తీసుకెళ్ళి ఎక్కడో పెట్టినట్టుంది. వీధి చివరిదాకా వచ్చాక గానీ ఊపిరి పీల్చుకోవచ్చని గుర్తు రాలేదు.

అత్తయ్య చదరంగం క్లబ్బులో ఉందని మావయ్య చెప్పాడు. పరుగులాంటి నడకతో వెళ్ళాను. క్లబ్బంటే ఆరు బల్లలున్న ఒక హాలు. గుమ్మంలోనే అత్తయ్య ఎదురైంది. ముఖం పాలిపోయి ఉంది.

"అత్తయ్యా, ఉద్యోగం వచ్చింది. మొన్న నేనన్న మాటలకి..."

"వస్తుందని తెలుసులేవే. ఆ తిట్టు విన్నప్పుడే తెలుసు," అని నా చేయి పట్టుకుంది. "అది సరే గానీ, ఇక్కడ కొంప మునిగింది."

"ఏమైంది?"

"గెలిచేశానే."

హాలు మూల బల్ల దగ్గర ఒక పెద్దాయన పావుల్ని ఒక్కొక్కటిగా పెట్టెలో సర్దుతున్నాడు. ముప్ఫయ్యేళ్ళు లిఫ్టు నడిపి రిటైరయ్యాడట. పని ఆగిపోయాక గది దాటి బయటికి రావడం లేదని, చొక్కాలు ఇస్త్రీకి ఇవ్వడానికి వచ్చిన కూతురు లాండ్రీలో చెప్పుకుని ఏడ్చిందట. నాలుగు రోజులు బతిమాలితే ఈ రోజే వచ్చాడు.

"ఏ పావు ఎక్కడ పెట్టానో నాకే తెలియదు," అంది అత్తయ్య. "ఎవరో వెనక నుంచి 'ఆట కట్టు' అన్నారు. ఆయన ముఖం చూడవే. పెట్టె మూసేస్తే మళ్ళీ రాడు."

"ఇంకో ఆట ఆడి ఓడిపో."

"ఎలా ఓడిపోవాలో తెలిస్తే, ఇందాకే ఓడిపోయేదాన్ని కదా." ఉన్నట్టుండి నన్ను ఎగాదిగా చూసింది. "నీకు చదరంగం వచ్చా?"

"పావుల పేర్లు కూడా రావు."

"నా బంగారం," అంది. నన్ను భుజాలు పట్టుకుని తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. "బాబాయిగారూ, మా మేనకోడలు. కాలేజీలో మేష్టరమ్మ. ఒక్క ఆట ఆడి వెళ్తుందట."

పెద్దాయన పెట్టె వైపు చూశాడు, నా వైపు చూశాడు, పావులు మళ్ళీ బయటికి తీశాడు. నేను మంత్రిని పట్టుకుని, "ఇది ఎటు దూకుతుందండీ?" అని అడిగాను. ఆయన కుర్చీ ముందుకి లాక్కుని కూర్చున్నాడు.

తొమ్మిది ఎత్తుల్లో నన్ను ఓడించాడు. తర్వాత నా తప్పులు ఒక్కొక్కటీ వేళ్ళు మడిచి వివరిస్తూ, రేపు కొంచెం ముందుగా వస్తే మొదటి నుంచి నేర్పుతానన్నాడు.