చేతులెత్తిన చోట

ఉద్దనపల్లికి పోయే దారిలో ఒకచోట రోడ్డు పల్లంలోకి దిగి మళ్లీ ఎక్కుతుంది. ఆ పల్లంలో ఎడమ పక్కన మునేశ్వరుడు ఉంటాడు. గుడి అనడానికి లేదు. పసుపు పూసిన మూడు రాళ్లు, నేలలో గుచ్చిన శూలాలు, చెవి విరిగిన మట్టి గుర్రం. వెనకాలే లోతైన కాలువ. అక్కడికి రాగానే బండి నడిపేవాళ్లు స్టీరింగ్ వదిలేసి రెండు చేతులూ ఎత్తి దండం పెడతారు. లారీవాళ్లు, టమాటా బండ్లవాళ్లు, మా ఇంట్లోవాళ్లు, అందరూ అంతే. ఒంటిచేత్తో పెట్టేది దండం కాదని మా మామ అనేవాడట. ఈ పాత కారు ఆయన కొన్నదే. ఆయన పోయాక మా ఆయన నడిపాడు, ఆ తర్వాత నా చేతికొచ్చింది.

హోసూరులో ఉద్యోగానికి పోతున్నప్పటి నుంచి పొద్దున పాపను ఉద్దనపల్లిలో మా అమ్మ దగ్గర దింపి, సాయంత్రం తెచ్చుకుంటున్నాను. ఒక్కోరోజు తోడుగా మా అత్త వచ్చి వెనక సీట్లో పాప పక్కన కూర్చుంటుంది.

వానలు వెలిసిన ఒక పొద్దున, పల్లంలోకి దిగుతూ యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసి చేతులెత్తాను. కారు రాళ్లవైపు జరిగింది. కుదుపు లేదు. ఎవరో రెండు వేళ్లతో స్టీరింగ్ పట్టుకుని మెల్లగా తిప్పినట్టు, తాపీగా. గబుక్కున పట్టుకుని రోడ్డు మీదికి తెచ్చాను. అద్దంలో చూస్తే పాప ఇంకా చేతులు జోడించుకునే ఉంది.

"చూసినావా, స్వామి పిలుస్తా ఉండాడు" అంది అత్త. "మీ మామ ఏదో మొక్కినాడు. ఏం మొక్కినాడో ఎవురికి చెప్పినాడు, నోరు లేని మనిషి!"

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వేరే ఎక్కడా లేదు, సరిగ్గా ఆయన ముందే. దానికి తోడు చప్పుడొకటి మొదలైంది. గుంత వచ్చినా, స్పీడ్ బ్రేకర్ వచ్చినా ఎడమ చక్రం దగ్గర కింద నుంచి టక్ టక్ మనేది.

"అమ్మా, ఎవురో తడతాండారు. తలుపు తియ్యి" అంది పాప.

నేను వేగం తగ్గించాను.

మా ఆయన కారును అలైన్‌మెంట్ షాపుకు తీసుకుపోయాడు. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో అక్కడ కంప్యూటర్ చూస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. నేను నమ్మలేదని మళ్లీ ఒకసారి తీసుకుపోయాడు. మళ్లీ అదే మాట.

"కంప్యూటరే బాగుందంటే నీకేమి కష్టం?" అన్నాడు. "పాప పుట్టినప్పట్నించీ నువ్వు ఫ్యాన్ చప్పుడుకి గూడా లేచి కూచుంటా ఉండావు."

నిజమే. పాప ఊపిరి తీస్తోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే అలవాటు నాకు ఇంకా పోలేదు. కాబట్టి నా భయాన్ని నేనే నమ్మలేకపోయాను. నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆ వెనక సీట్లో నా బిడ్డను కూర్చోబెట్టవచ్చా, కూడదా? దానికి ఇంట్లో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు.

అత్త మొక్కు చెల్లించింది. కోడిని కోశారు, కారు ముందు గుమ్మడికాయ కొట్టారు. మరుసటి రోజు పల్లంలో కారు మళ్లీ రాళ్లవైపు జరిగింది.

"కోడి చాల్లేదేమో" అంది అత్త, నెమ్మదిగా.

ఆ వారం సెలవురోజున పాపను మా అమ్మ దగ్గర ఉంచి నేనూ అత్తా తిరిగి వస్తున్నాం. మామూలుగా వచ్చేటప్పుడు ఎవరూ దండం పెట్టరు, పోయేటప్పుడు పెట్టింది చాలంటారు. ఆ రోజు నేను కావాలనే చేతులెత్తాను. ఇప్పుడు రాళ్లు మాకు కుడివైపున ఉన్నాయి. కారు ఎడమకు జరిగింది, ఆయనకు దూరంగా.

"అయ్యో, తోసేస్తా ఉండాడు! కోపమొచ్చింది స్వామికి!" అత్త నా భుజం పట్టుకుంది.

పిలిచినా ఎడమకే, తోసినా ఎడమకే. ఇంత దారిలో నేను స్టీరింగ్ వదిలేది ఆ ఒక్కచోటే. మిగతా దారంతా నాకు తెలియకుండానే నా చేతులు దాన్ని కుడికి లాగి పట్టుకుంటున్నాయేమో. పల్లం దాటాక రోడ్డు తిన్నగా ఉంది, ముందూ వెనకా ఎవరూ లేరు. వేళ్లు విప్పి, కాలు తేలిక చేశాను. అటూ ఇటూ రాగిచేలు. గుడి లేదు, రాయి లేదు. కారు మెల్లగా ఎడమకు ఒరిగింది.

అక్కడ పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అప్పుడు కలిగినంత భయం నాకు మునేశ్వరుడి ముందు ఎప్పుడూ కలగలేదు.

పాపను బస్సులో తెచ్చుకున్నాను. కారును జూజువాడి దగ్గర మా ఆయనకు తెలిసిన మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాను.

"రోడ్డు ఎడంపక్కకి వాలిండాది మా, వాన నీళ్లు పోవల్ల కదా. అన్ని బండ్లూ అట్లనే పోతాయి" అన్నాడు మెకానిక్.

"ఆ టక్ టక్ గూడా రోడ్డుదేనా అన్నా? చక్రం ఎత్తి ఊపి చూడు. నేను ఆడ చెయ్యి పెడతాను."

"మీరు చెయ్యి పెడితే నాకేం పని మా?" అని నవ్వాడు. "సరే, ఎత్తి చూపిస్తాను. అప్పుడన్నా నిద్ర పోతారు."

జాకీ పెట్టి ఎడమ చక్రాన్ని నేల నుంచి లేపాడు. నేను కూర్చుని, చక్రాన్ని కింది ఇనుప ఆర్మ్‌కు కలిపే బాల్ జాయింట్ మీద అరచెయ్యి ఆనించాను. అతను టైరును పైనా కిందా పట్టుకుని ఊపాడు. నా అరచేతిలో టక్కుమంది. మళ్లీ ఊపాడు, మళ్లీ టక్కుమంది. కడుపులో ఉన్నప్పుడు పాప తన్నితే చేతికి ఇలాగే తెలిసేది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మెకానిక్ తానూ చెయ్యి పెట్టి చూశాడు. ఈసారి నవ్వలేదు. ఆర్మ్‌కు ఉండే రబ్బరు బుష్ కూడా చిరిగిపోయింది. యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసినప్పుడల్లా ఆ చక్రం కొంచెం వెనక్కి జరిగి కారును ఎడమకు తిప్పుతోంది. నిలబెట్టిన కారులో అది కంప్యూటర్‌కు ఎలా కనిపిస్తుంది? నట్లు విప్పాక జాయింట్‌లోని అరిగిన గుండు దాని గిన్నెలోంచి రెండు వేళ్లతో లాగితే వచ్చేసింది.

"ఏదో ఒక గుంతలో ఊడిపోయుండును మా. చక్రం పక్కకి పండుకుండును. మీరు స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిరిగుండదు" అన్నాడు.

రెండు పక్కలా బాల్ జాయింట్లు, బుష్‌లు మార్పించి, అలైన్‌మెంట్ చేయించేవరకు నేను అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. షిఫ్టు దిగి షెడ్డుకు వచ్చిన మా ఆయన పాత గుండును చూసి, రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఇంటికొచ్చాక అత్త దాన్ని అరచేతిలో దొర్లించింది.

"అయితే ఆయన పిల్వలేదంటావా?"

"అరిగిపోయింది అత్తా. అంతే."

"ఆడ చెయ్యి ఎత్తకపోయుంటే నీకు తెలిసుండునా?"

నేను గుండును ఆమె చేతిలోంచి తీసుకుని అరలో పెట్టాను.

సోమవారం పాపను వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. పక్కన అత్త ఎక్కింది. గుంతలు వచ్చాయి, పోయాయి. చప్పుడు లేదు. ఇన్నాళ్లూ తట్టి చెప్పేది, ఇప్పుడు ఏమీ చెప్పడం లేదు. చెవులు రిక్కించి ఆ నిశ్శబ్దాన్నే వింటూ నడిపాను.

పల్లం వచ్చింది. వెనక ఇద్దరూ చేతులెత్తారు.

"దండం పెట్టుకోమ్మా" అంది అత్త.

"నా చేతులు ఖాళీగా లేవు అత్తా. నా వంతు గూడా నువ్వే పెట్టు."

అత్త నాలిక చప్పరించి, రెండోసారి చేతులెత్తింది.

సరిగ్గా అప్పుడే కారు కుడికి జరిగింది, ఎదురుగా వస్తున్న టమాటా బండివైపు. గబుక్కున తిప్పి సరిచేశాను. చూసుకుంటే, ఎడమకు లాగడానికి కింద ఇప్పుడు ఏమీ లేదు. ఇక్కడ ఎడమకు జరుగుతుందన్న అలవాటుతో ముందే కుడికి లాగుతున్నవి నా చేతులే.