పగులు మీద చీటీ

మా పక్క చర్చిలో గంట కొట్టే పెద్దాయన పోయారని ఫోనులో మెసేజి చూసి తెలుసుకున్నాను. మా వీధికి చావు కబురు అలా రావడం ఇదే మొదలు. ఇన్నేళ్లూ ఎవరు పోయినా ఆయన గంటే చెప్పేది.

తుంగభద్ర ఒడ్డున ఆ పాత చర్చి, దాని పక్కనే ఎవరో దొర కట్టించుకున్న మా బంగళా. మధ్యలో ఇరుకు సందు. పెద్దాయనకు అందరి మీదా అనుమానమే. కొవ్వొత్తులు కరిగాయా, ఎవరైనా ఎత్తుకుపోయారా అని నేల మీది మైనం గీకి చూసేవారు. నేను బోరు వేయించాక ఆ అనుమానమంతా నా మీదికి మళ్లింది.

"ఏమ్మా, నీ మోటరుకు మా గోడ అదురుతాండాది. నేను చెప్తే నమ్మవు. చీటీ చెప్తాది చూడు," అన్నారు.

గంట గోపురం గోడలో సన్నని పగులుంది. చర్చి క్యాలెండరు కాగితం చించి, గంజి పూసి, దానికి అడ్డంగా అంటించారు. కాగితం చిరిగితే పగులు పెరిగినట్టు. రోజూ గంట కొట్టాక చీటీ చూసి, మా కిటికీ వైపు ఒక చూపు విసిరి వెళ్లేవారు. నాకు ఒళ్లు మండేది. బంగళా మీద కన్నేసినవాళ్లు ఎవరో ఈయన్ను ఎగదోస్తున్నారని నా అనుమానం నాది.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం చూస్తే చీటీ చిరిగి ఉంది. బోరు మూయిస్తే ఆ ఎండల్లో నీళ్లకు ఎక్కడికి పోవాలి? గబగబా పీకేసి, మా ఇంటి క్యాలెండరు కాగితం అంటించేశాను.

మర్నాడు ఆయన దాని ముందు చాలాసేపు నిలబడ్డారు.

"బాగుండాదా పెద్దాయనా?" అని కిటికీలోంచి అడిగాను.

"బాగుండాదమ్మా. మా చర్చి క్యాలెండరులో రాహుకాలం ఎప్పట్నుంచి ఏస్తాండారో!"

అంతే, మళ్లీ ఆ మాటెత్తలేదు. గంట మాత్రం మెల్లగా కొట్టసాగారు. వయసు మీద పడిందనుకున్నాను.

సమాధి దగ్గర, గంటెందుకు కొట్టలేదని ఫాదర్‌ను అడిగాను.

"గోడ నమ్మేట్టు లేదు, నేను పోయినా కొట్టొద్దని ఆయనే చెప్పినాడమ్మా."

"గోడ అట్లా కావడానికి ఎవరి పేరూ చెప్పలేదా?"

"ఎవరి పేరు?"

ఊరందరినీ అనుమానించిన మనిషి నన్ను పట్టించలేదు. అక్కడే ఏడ్చాను. జరిగిందంతా ఫాదర్‌కు చెప్పి, ఇంటికొచ్చి మోటరు ఆపేశాను. గంట కొట్టడానికే బతికిన మనిషిని గంట లేకుండా సాగనంపాం.

ఈ పొద్దున గంజి కాచి, చర్చి క్యాలెండరు కాగితమే అడిగి తెచ్చి అంటించాను. ఇంకా ఆరలేదు. కిటికీ దగ్గర కూర్చుని చూస్తున్నాను.