ఫ్యాను రెక్కల మీద పేర్లు

నేను కుదురుగా కూర్చోలేని మనిషిని. అమ్మ పోయాక అది మరీ ఎక్కువైంది. బడిలో పాఠం చెబుతూ చెబుతూ కిటికీ దాకా వెళ్లి వచ్చేదాన్ని. ఇంట్లో కంచం ముందు కూర్చుంటే రెండు ముద్దలకే లేచిపోయేదాన్ని. అమ్మ చివరి జబ్బులో ఎనిమిది రోజులు ఉన్న ఆసుపత్రికి చందాలు పోగుచేసే కమిటీ ఒకటి ఉందనీ, అందులోకి ఒక ఆడమనిషి కావాలనీ మా చర్చిలో చెప్పగానే చెయ్యెత్తాను. సేవాభావం అని చెప్పుకుంటే అబద్ధం. సాయంత్రాలు ఇంట్లో ఉండలేకపోయాను, అంతే.

మిషను వాళ్లు ఎప్పుడో కట్టిన పాత ఆసుపత్రి అది. అనకాపల్లి వాళ్లే కాదు, అటు రోలుగుంట నుంచీ ఇటు రాంబిల్లి నుంచీ కూడా కాన్పులకు అక్కడికే వచ్చేవారు. కమిటీకి అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టారు. ప్రతి సమావేశమూ ప్రార్థనతో మొదలై, టీ దగ్గర ఆగి, పోయినసారి ఏం మాట్లాడుకున్నామో మళ్లీ మాట్లాడుకోవడంతో ముగిసేది. నా కాళ్లు బల్ల కింద ఊగుతూనే ఉండేవి. రెండో సమావేశంలోనే ఓపిక నశించి, కరపత్రం నేను రాస్తానని ఆయన చేతిలో కాగితం లాక్కున్నంత పని చేశాను.

తప్పు అక్కడే చేశాను. స్త్రీల వార్డు బాగు కోసం సాయం చేయండని రాసి, అడుగున పెద్ద అక్షరాలతో ‘దాతల పేర్లు రాయించబడును’ అని పెట్టాను. మన వైపు దాత పేరంటే ఫ్యాను రెక్క మీద ఉండాల్సిందే. బడి కానీ, గుడి కానీ, చర్చి కానీ, తలెత్తితే ఎవరో ఒకరి తాతగారి పేరు గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఇన్నేళ్లు వాటి కింద కూర్చుని కూడా ఆ సంగతి నాకు తట్టలేదు. నెల తిరిగేసరికి పదకొండు ఫ్యాన్లు ఆటోల్లో దిగాయి. వార్డులో ఉన్న కొక్కేలు నాలుగు. ఆ నాలుగింటికీ ఎప్పటినుంచో ఫ్యాన్లున్నాయి. బెల్లం మార్కెట్లో కొట్టున్న మా అన్నయ్య కూడా అమ్మ పేరు రాయించి ఒకటి పంపాడు.

స్టోరు గదిలో పేర్చిన పెట్టెల్ని చూసి పెద్ద నర్సమ్మ నడుం మీద చేతులు వేసుకుంది.

“ఏటండీ టీచరమ్మగారూ, ఇయన్నీ ఏటి సేసుకోమంటారు? మాకు కావాల్సింది లెట్రిన్లండీ. బాలింతలు కుట్లతోటి పెరడంతా దాటి ఆ రేకుల దొడ్లోకి ఎల్తన్నారు, మగోళ్లందరూ సూత్తుండగా. ఆ సిగ్గుకే ఒక్కరూ నీళ్లు తాగరు.”

“తాగకపోతే ఎలా? మీరు గట్టిగా చెప్పాలి కదా,” అన్నాను.

“మీరు సెప్తే మీ అమ్మగారు తాగేరేటండీ? మీరు గ్లాసు నింపి అటెళ్లగానే కిటికీలోంచి పారబోసేసీవోరు. మీకు సెప్పొద్దని నా సెయ్యి పట్టుకున్నారు.”

నేను ఒక ఫ్యాను పెట్టె మీద కూలబడ్డాను. అమ్మకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్, విడవని జ్వరం. నీళ్లు బాగా తాగించమని డాక్టరు రోజూ చెప్పేవారు. చివరికి అది కిడ్నీలకు పాకింది, విశాఖ తీసుకెళ్లిన రెండో రోజున అమ్మ పోయింది. ఆ ఎనిమిది రోజులూ పూటపూటా ఆమెను కసిరాను. చిన్నపిల్లలా ఎందుకు మొండికేస్తావని నలుగురి ముందూ అరిచాను. ఒక్కసారైనా ఆ పెరటి వైపు నడిచి చూడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ మర్నాటి నుంచి నన్ను పట్టేవాళ్లు లేరు. బడి వదలగానే దొరికిన బస్సెక్కి, ఫ్యాన్లిచ్చిన వాళ్ల ఇళ్లకు వెళ్లాను. ఫ్యాను వెనక్కి తీసుకుని మరుగుదొడ్లకు సాయం చేయమన్నాను. అందరూ కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు, పేరెక్కడ రాస్తారని అడిగారు. మరుగుదొడ్డి గోడ మీదే అన్నాను. రోలుగుంట దగ్గర చెరకు రైతు ఒకాయన, “మా నాన పేరు అక్కడెలా రాయిత్తానమ్మా? రేపు ఊళ్లో తలెత్తుకోవద్దా?” అన్నాడు, ఎంతో మర్యాదగా. ఒళ్లు మండింది. కానీ పేరు ఆశ పెట్టింది నేనే.

తర్వాతి సమావేశంలో టీ రాకముందే లేచి నిలబడ్డాను. మొదటి మరుగుదొడ్డి ఖర్చు నేనిస్తాను, దాని గోడ మీద మా అమ్మ పేరు రాయండి అన్నాను. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“మీ అన్నయ్యని అడిగేరా అమ్మా?”

“అడగనండీ.”

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. “రెండోదాని మీద మా ఆవిడ పేరు రాయిద్దును. కానీ ఆవిడ బతికే ఉందాయె. అడిగి సెప్తాను,” అన్నారు. ఆవిడ ఒప్పుకుందట. తలుపుకి లోపలి గెడ మాత్రం గట్టిది పెట్టించమందట. ఇద్దరి పేర్లు పడుతున్నాయని తెలిశాక ఆ రోలుగుంట రైతే మూడోదానికి ముందుకొచ్చాడు.

అన్నయ్య మాత్రం కబురు తెలిసిన పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

“ఏటే, అమ్మ పేరు దొడ్డి గోడకి రాయిత్తావా? మార్కెట్లో నన్ను సూసి నవ్వుతన్నారు. ఫ్యాను మీద రాయించేను కదా, సాల్లేదా?”

“నీ ఫ్యాను పెట్టెలోనే ఉంది,” అన్నాను.

కిటికీ సంగతి అప్పుడే చెప్పాల్సింది. చెబితే నేను అమ్మను కసిరిందీ చెప్పాలి. అన్నయ్య మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. నాలుగు నెలలు మా మధ్య మాటల్లేవు. ఆ నాలుగు నెలలూ నేను గోతుల దగ్గరా ఇటుకల దగ్గరా తిరిగాను. నన్ను దూరం నుంచి చూడగానే మేస్త్రీ, “టీచరమ్మ వత్తంది, లెగండ్రా,” అనేవాడు.

వార్డుకి ఆనుకుని, లోపలి నుంచే తలుపులతో మూడు గదులు లేచాయి. రిబ్బను కత్తిరించమంటే పెద్దలెవరూ ముందుకు రాలేదు. పాస్టరుగారు ప్రార్థన చేసి తలుపు తోశారు. జనం టిఫిన్ల వైపు వెళ్లాక చూస్తే, వార్డు గుమ్మంలో అన్నయ్య. ఇంకా ముఖం గంటు పెట్టుకునే ఉన్నాడు.

“నీళ్లు వత్తన్నాయా?” అన్నాడు.

“వస్తున్నాయి,” అన్నాను. ఇక ఆగలేక అక్కడే, నిలబడే, అంతా చెప్పేశాను. అమ్మ పారబోసిన నీళ్లు, నా అరుపులు, అన్నీ.

అన్నయ్య వార్డులోకి అడుగుపెట్టాడు. “ఏ కిటికీ?” అని అడిగాడు.

మూడోది చూపించాను. దాని పక్క మంచం మీద రాంబిల్లి నుంచి వచ్చిన బాలింత కూర్చుని ఉంది. వాళ్లత్త స్టీలు గ్లాసు అందిస్తే గటగటా తాగేసి, ఇంకా పొయ్యమని మళ్లీ చాపింది. రెండో గ్లాసు ఖాళీ అయ్యేదాకా అన్నయ్య అటే చూశాడు. తర్వాత తువ్వాలుతో ముఖం తుడుచుకుని, గోడ మీది అమ్మ పేరు వైపు తిరిగాడు.

“అచ్చరాలు సిన్నవైపోయేయే,” అన్నాడు. “పెద్దవి రాయించాల్సింది.”