మా హాల్లో ఖలాసీ కాగితం

పోయిన నెల మా పటమట ఇంటికి రంగులు వేయించాం. రంగులాయన హాల్లో ఫ్రేములన్నీ దించి మంచం మీద పరిచి, పని అయ్యాక పెళ్ళి ఫొటో, పిల్లల ఫొటోలు, బైబిలు వాక్యం రాసిన పటం ఎక్కడివక్కడ తగిలించి, ఒక్కదాన్ని మాత్రం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అంచులు పసుపెక్కి, మూలల్లో గాలి చొరబడి ఉబ్బిన లామినేషన్ కాగితం అది. "ఇది పాడైపోయింది కదండీ, పారేయమంటారా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా పెద్దమ్మాయి "పారేయండి, పీడ పోతుంది" అంది. నేను లేచి, ఆయన చేతిలోంచి తీసుకుని, మేకు నేనే కొట్టి పాత చోటే తగిలించాను.

ఆ చోటు ఊరికే ఎంచుకున్నది కాదు. వచ్చినవాళ్ళు కూర్చునే సోఫాకు సరిగ్గా ఎదురుగా, కూర్చున్నవాడి కళ్ళ ఎత్తులో ఉంటుంది. ఇరవై ఏళ్ళ పైబడి అది ఒకే ఒక్క మనిషి కోసం అక్కడ వేలాడుతోంది. ఆ మనిషి మా తోడల్లుడు, మా ఆవిడ అక్కగారి భర్త.

నేను నలభై దాటేదాకా వేలిముద్రవాణ్ణి. దాచుకునేదేమీ లేదు. కానీ ఇబ్రహీంపట్నం థర్మల్‌లో కాంట్రాక్టరు కింద బాయిలర్ గొట్టాలు వెల్డింగు చేసేవాళ్ళలో నన్ను మించినవాడు లేడని ఇంజనీర్లే అనేవారు. చెయ్యి దూరని ఇరుకులో గొట్టం వెనకవైపు అతుకు వెయ్యాలంటే ఎదురుగా చిన్న అద్దం పెట్టుకుని, అందులో చూస్తూ వెయ్యాలి. అద్దంలో కుడి ఎడమవుతుంది, చెయ్యి మాత్రం అటు తిరగకూడదు. అది చేతనైనవాళ్ళం ముగ్గురమే. వేసిన ప్రతి అతుకు పక్కనా మా నంబరు సుత్తితో కొట్టేవాళ్ళం, తర్వాత ఎక్స్‌రే తీసేవారు. నా నంబరు నలభై ఏడు. నాకొచ్చిన చదువు ఆ రెండంకెలే. అక్కడే టైమాఫీసులో గుమాస్తా మా తోడల్లుడు. బీకాం పాసయ్యాడు. చుట్టాల్లో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా, ఏ ఉత్తరం వచ్చినా ఆయన చేతిమీదుగా పోవలసిందే, మా చర్చి సంఘంలో కమిటీ లెక్కలకూ ఆయనే.

ఆ రోజుల్లో మస్కట్‌లో ఒక పెద్ద కంపెనీకి బాయిలర్ వెల్డర్లు కావాలని ఏజెంటు కబురు పెట్టాడు. వెల్డరు గ్రేడులో వెళితే పెళ్ళాం పిల్లల్ని తీసుకుపోవచ్చు, క్వార్టరిస్తారు, పిల్లలకు బడి ఉంది. ఖలాసీ గ్రేడులో, అంటే సామాను మోసే కూలీగా వెళితే ఒంటరిగా క్యాంపులో పడి ఉండాలి. నాకప్పటికే ముప్ఫై తొమ్మిది, ఇద్దరాడపిల్లలు. ఒంటరిగా పోయే ఉద్దేశం నాకు లేదు. పదకొండేళ్ళుగా వెల్డరుగా చేస్తున్నానని కాంట్రాక్టరు కాగితం ఉంటే పరీక్షకు కూర్చోబెడతారన్నారు. ఆ కాగితం టైప్ చెయ్యవలసింది మా తోడల్లుడే. మర్నాడే చేసి, సంతకం, స్టాంపు వేయించి ఇచ్చి, "నీకు ఖాయం తమ్ముడూ, ఇక్కడి క్వార్టరు ఖాళీ చేసెయ్, పిల్లల టీసీలు తెచ్చేసుకో, మళ్ళీ టైముండదు" అన్నాడు. ఆ మనిషి చేతులు పట్టుకుని వందనాలు చెప్పాను. ఇప్పటికీ ఆ వందనాలు తలుచుకుంటే నా చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

చదువురానివాడికి కాగితమంటే భక్తి ఎక్కువ. నేను చేసిన తప్పు అదే. బీసెంటు రోడ్డుకు పోయి దాన్ని లామినేషన్ చేయించి, మా ఆవిడ పెళ్ళి చీర మడతలో పెట్టి ట్రంకుపెట్టెలో దాచాను. ఆరో తరగతి చదివే మా పెద్దమ్మాయి చూస్తానంటే, చేతి మరకలు పడతాయని కసిరాను. కూడబలుక్కుని ఇంగ్లీషు చదవగలిగిన మనిషి మా ఇంట్లో ఆ ఒక్క పిల్లే. దాన్నే ముట్టుకోనివ్వలేదు.

ఇంటర్వ్యూ బెజవాడలో ఒక లాడ్జీలో పెట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళాం పిల్లల్ని కూడా తీసుకుపోయాను, అంత ధీమా. లోపలాయన కాగితం చూసి, నా మొహం చూసి, పక్కనే ఉన్న ఇంకో వరసలోకి వెళ్ళమని వేలు చూపించాడు. అది ఖలాసీల వరస. నేను వెల్డర్నండీ, రాడ్డు ఇచ్చి చూడండి అని బతిమాలితే, కాగితాన్ని అటు తిప్పి నాకే చూపించాడు, నేను చదువుకోగలనన్నట్టు. బయటికొచ్చి మెట్ల కింద మా పెద్దమ్మాయి చేతికిచ్చాను. పిల్ల ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. పదకొండేళ్ళుగా మా దగ్గర ఖలాసీగా ఉండి వెల్డర్లకు సామాను అందిస్తున్నాడు, నడవడిక మంచిది. ఆ మంచిది అన్న మాట దగ్గర పిల్ల ఏడ్చింది.

తిరిగి వెళ్ళి మా తోడల్లుణ్ణి అడిగితే, "పైవాళ్ళు చెప్పిందే కొట్టాను తమ్ముడూ" అని కళ్ళెత్తకుండా రిజిస్టరు తిప్పాడు. ఆ నెలాఖరుకే కాంట్రాక్టరు పని ముగించుకుని వేరే రాష్ట్రం పోయాడు, ఇంకో కాగితం ఇచ్చే దిక్కు లేదు. క్వార్టరు పోయింది, బడి పోయింది. ఖలాసీగానే విమానం ఎక్కాను. పెళ్ళాం పిల్లల్ని ఎక్కడుంచానంటారా? ఆయన ఇంట్లోనే. మా ఆవిడకు అక్క తప్ప ఎవరూ లేరు మరి.

మూడేళ్ళు. ఎండలో వెల్డర్లకు రాడ్లు మోశాను. నా కళ్ళముందే వాళ్ళు గుల్ల అతుకులు వేస్తుంటే పళ్ళు బిగించి చూశాను. ఇక్కడ మా ఆవిడ అక్క ఇంట్లో అందరూ తిన్నాక తినేది. ఒకసారి పిల్ల దగ్గర్నుంచి ఉత్తరమొస్తే, ఎప్పట్లాగే గదిలో ఒకతన్ని చదివి పెట్టమన్నాను. పెదనాన్న మమ్మల్ని ఖలాసీ పిల్లలు అని పిలుస్తున్నాడు నాన్నా అని రాసి ఉంది. ఆరుగురు మగాళ్ళ మధ్య అతను అది పైకి చదివాడు. ఆ శుక్రవారమే క్యాంపులో వంట చేసే పామర్రు ఆయన ముందు పలక పెట్టుకుని కూర్చున్నాను. బియ్యం సంచుల మీది అక్షరాలతో మొదలుపెట్టించాడాయన, తెలుగూ ఇంగ్లీషూ రెండూ. దేవుని వాక్యం చదువుకోవాలనే కోరికతో నలభై దాటాక అక్షరాలు దిద్దానని మా సంఘంలో సాక్ష్యం చెప్పాను. అది అబద్ధం. నేను దిద్దింది ఆ ఖలాసీ కాగితం నా నోటితో చదవడానికి.

తర్వాత ఒకరోజు ఇరుకులో గొట్టం చీలి, ఉన్న వెల్డర్లకు ఎవరికీ చెయ్యి దూరక పని ఆగిపోతే, అద్దం ఇమ్మని నేనే ముందుకెళ్ళాను. ఎక్స్‌రేలో ఒక్క మచ్చ లేదు. గ్రేడు మార్చారు, నా వాళ్ళను తెచ్చుకున్నాను, పిల్లలు అక్కడే చదివారు. తిరిగొచ్చి ఈ ఇల్లు కట్టుకున్నాక మొదట కొట్టిన మేకు ఈ కాగితానికే. క్రిస్మస్ అయినా, ప్రార్థన కూడిక అయినా, ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే నేనే ఎదురెళ్ళి, "అన్నయ్యగారూ, ఇలా కూర్చోండి, ఇక్కడ ఫ్యాను గాలి బాగా తగులుతుంది" అని ఆ సోఫాలో కూర్చోబెట్టేవాణ్ణి. కాఫీ గ్లాసు పట్టుకుని ఆయన కిటికీ వైపో, నేల వైపో చూస్తుంటే నాకు కడుపు నిండేది. క్షమించమని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో. పాస్టరుగారి పెళ్ళాం మూడేళ్ళు ఒకరి వంటింట్లో ఎంగిలి గిన్నెలు తోమలేదు.

రంగులు వేయించిన వారానికే మా తోడల్లుడు వచ్చాడు. కొడుకు గుమ్మందాకా చెయ్యి పట్టుకుని తెచ్చి, గంటలో వస్తానని వెళ్ళాడు. ఎప్పటి సోఫాలోనే కూర్చుని, తల తిప్పుకోకుండా నేరుగా కాగితం వైపే చూస్తున్నాడు. అప్పుడర్థమైంది, కనపడటం లేదని. నాకు కలిగింది జాలి కాదు, ఇంట్లో దొంగలు పడ్డంత కోపం.

జేబులోంచి కంటాసుపత్రి కాగితం తీశాడు. "ఆపరేషన్‌తో చూపు వస్తుందంటాడు మావాడు, చుక్కలమందుతో వస్తుందంటుంది కోడలు. ఇద్దరి మాటా కలవట్లేదు. నువ్వు చదువు తమ్ముడూ."

"మీ పిల్లలుండగా నేనెందుకండీ?"

"వాళ్ళకి నేనంటే ప్రేమ. నీకు లేదు కదా, ఉన్నదున్నట్టు చదువుతావు."

చదువుతాను, కానీ ముందు నాదొకటి వినండి అని, గోడ మీది కాగితం దించి, ఒక్కో మాటా ఒత్తి చదివాను, నడవడిక మంచిది దాకా. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఎందుకు రాశారో చెబితేనే మీది చదువుతానన్నాను. అప్పుడు చెప్పాడు. "పైవాళ్ళెవరూ చెప్పలేదు. నేను బీకాం, నువ్వు నిశానీ. మా ఆవిడ చూస్తుండగా నువ్వు పెళ్ళాం పిల్లలతో విమానం ఎక్కుతావా అనిపించింది. అంతే."

అంతేనట. అంత చిన్న కారణానికి మూడేళ్ళు. అబద్ధం చదివి పంపాలని ఒక్క క్షణం నాకూ అనిపించింది, చూపు వస్తుందని చెప్పి ఆశపెట్టి వదలాలని. చెయ్యలేదు. రెండు కళ్ళలోనూ నరం పూర్తిగా దెబ్బతింది, చూపు తిరిగి వచ్చే అవకాశం లేదు అని, అదే గొంతుతో, అంతే ఒత్తి చదివాను.

"ఒక్క మాటా మార్చలేదు కదా?"

"లేదండీ. అది మీ పని."

మా ఆవిడ కాఫీ తెచ్చి గ్లాసు ఆయన చేతికి అందించింది. తాగి, కొడుకు రాగానే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు కాగితం ముందు పెడితే ఫోనే పైకి చదువుతుందట, మా మనవరాలు చూపించింది. ఏ భాషైనా, ఏ మాటైనా, ఒకరి నోటి కోసం చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదట. ఆ ఫోను ఆ రోజు నా జేబులో ఉంటే పిల్లల టీసీలు తెచ్చేవాణ్ణి కాదు, క్వార్టరు ఖాళీ చేసేవాణ్ణి కాదు. మంచిదే, మన తర్వాతివాళ్ళను ఎవరూ అలా మోసం చెయ్యలేరు. మా తోడల్లుడికి కూడా ఇకమీదట నా అవసరం లేదు.

కాగితం మళ్ళీ మేకుకే తగిలించాను. పొద్దున్నే కాఫీ తీసుకుని, ఫ్యాను గాలి బాగా తగులుతుందని ఆ సోఫాలో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. ఎదురుగా అది, కళ్ళ ఎత్తులో. ఆయనకెలాగూ కనపడదు, ఇక దాన్ని చదివేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.