మస్తాను సగమే నేర్పిన ఆట

ఠక్కున సుత్తి మోగింది. జడ్జి బల్ల మీద కొట్టే చెక్క సుత్తి. ఫోనులో ఆ చప్పుడు వింటే చాలు, నాకు కాలిన వైర్ల వాసన వస్తుంది. మస్తాను కొట్టు వాసన అది. ఆ కోర్టు ఆటకు రెండో భాగం వచ్చిందని మస్తాను భార్య నూర్జహాను నా ఫోనులో ఎక్కించి ఇచ్చింది. తెరిచి చూస్తే మా లాయరు లేడు. మొదటి భాగమంతా బొద్దు మీసాలతో, బల్ల గుద్ది గెలిచిన మనిషిని పక్కన పెట్టి, ముక్కు మీదికి కళ్ళజోడు జారిపోయే ఒక ఆడపిల్లను నిలబెట్టారు. ఎవరడిగారు ఈ పిల్లను?

మస్తానుకు ముత్తుకూరు సెంటర్లో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉండేది. నేను రొయ్యల షెడ్డులో మేస్త్రిని. రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళకు పని పంచడం, వాళ్ళ తగవులు తీర్చడం నా పని. సరుకు ఎప్పుడొస్తుందో ఓనరు ఫోనుకు రాసి పంపేవాడు. యాభై దాటినా నాకు అప్పట్లో ఒక్క అక్షరం రాదు. ప్రతిదానికీ ఫోను పట్టుకుని మస్తాను దగ్గరికి పరిగెత్తేదాన్ని. చదివి చదివి విసిగిపోయి, ఎవరో పిల్లలు తెలుగులోకి మార్చిన కోర్టు ఆట ఒకటి నా ఫోనులో వేశాడు. సాక్షి వచ్చి జరిగింది చెబుతాడు. అందులో ఒక మాట అబద్ధం. అది పట్టుకుని మీట నొక్కాలి. దొరక్కపోతే సాక్షి చేత మళ్ళీ చెప్పించవచ్చు, ఎన్నిసార్లయినా.

"నీకు తగవులంటే ఇష్టం గదక్కా, ఇదీ తగవే. చదివితేనే ముందుకు పోతాది" అన్నాడు. చదివి పెట్టమంటే పెట్టడు. కౌంటరు అద్దం మీద దుమ్ములో వేలితో అక్షరం గీసి, ఇది ఫోనులో యాడుందో చూడమనేవాడు. గిరాకీ వస్తే అక్షరాన్ని మోచేత్తో తుడిచేసి అటు తిరిగేవాడు. ఫోను నేలకేసి కొట్టాలనిపించేది. చదవడం చేతకాక, మొహం నచ్చని సాక్షి వస్తే చాలు, మీట నొక్కేసేదాన్ని. జడ్జి తిట్టేవాడు.

"మొకం జూసి నొక్కబాకక్కా. మొదట్నించీ చెప్పించు" అనేవాడు మస్తాను. ఆ ఒక్క మాట ఎన్నిసార్లు అన్నాడో. ఆట ముగిసేసరికి ఓనరు మెసేజీలు నేనే చదువుకుంటున్నాను.

అదే రోజుల్లో షెడ్డులో ఐసు పెట్టె మూత ఎవరో తెరిచి వదిలేశారు. ఐసు కరిగి రొయ్యల తలలు నల్లబడ్డాయి. ఎవరినో ఒకరిని పనిలోంచి తీసెయ్యమన్నాడు ఓనరు. అందరూ కొత్తగా చేరిన కామాక్షిని చూపించారు. మా చెల్లెలు సుబ్బులు అందరికంటే గట్టిగా చూపించింది. తాను ఐసు బండి రాకముందే ఇంటికి పోయానంది. నేను కామాక్షిని పొమ్మనబోయాను. అంతలో మస్తాను మాట అడ్డం పడింది. సుబ్బులును మొదటినుంచీ చెప్పమన్నాను. చెప్పింది. మళ్ళీ చెప్పమన్నాను. మూడోసారి విసుక్కుంటూ, తన మీదా నేరం వేస్తారా, ఆ ఐసు దించీ దించీ తన చేతులు కొయ్యబారిపోయాయనింది. బండి రాకముందే పోయిన మనిషి ఐసు ఎట్లా దించింది?

కామాక్షి మిగిలింది. సుబ్బులు పని పోయింది. పక్కపక్క ఇళ్ళే అయినా నాతో మాట మానేసింది. నేను పోయి మస్తాను మీద పడ్డాను. నీ దిక్కుమాలిన ఆట వల్లే తోడబుట్టింది దూరమైందని నోటికొచ్చినట్టు తిట్టాను. అతను ఫోను విప్పుతూ, తల ఎత్తకుండా విన్నాడు.

"ఆ మీసాల లాయరు గెల్చినాక ఇంటికెట్టా పోతాడో ఆట్లో చూపీలేదు గదక్కా. రెండోది వస్తే జూద్దాం."

రెండోది రావడానికి ఏళ్ళు పట్టింది. ఈలోపు గుండె ఆగి మస్తానే పోయాడు. ఆ మనిషికి అన్నింటికీ తొందరే, నాకు నేర్పడానికి తప్ప.

ఇప్పుడీ రెండో భాగంలో చూస్తే, సాక్షి బోనులో మా మీసాల లాయరే ఉన్నాడు. అబద్ధం చెబుతున్నది ఆయనే. నాకు తెలుస్తూనే ఉంది, మీట నొక్కబుద్ధి కాలేదు. నాకు చదువు చెప్పిన మొహం అది. అయినా మొదటినుంచీ చెప్పించాను. మళ్ళీ చెప్పించాను. చివరికి తిట్టుకుంటూ నొక్కాను.

మా లాయరైతే అక్కడితో బల్ల గుద్ది గెలిచి పోయేవాడు. ఈ పిల్ల పోలేదు. జారిన కళ్ళజోడు సర్దుకుని, ఎందుకు అబద్ధం చెప్పారని అడిగింది. మొదటి భాగంలో ఆ ప్రశ్నే లేదు. మస్తాను నాకు సగమే నేర్పి పోయాడని అప్పుడు తెలిసింది. ఒళ్ళు మండింది. ఫోను మూసి గోడ అవతలి ఇంటికి వెళ్ళాను. సుబ్బులు గుమ్మంలో కూర్చుని చేపలు కోస్తోంది.

"ఆ పొద్దు మూత ఎందుకు తీసిపెట్టినావే?"

కత్తి ఆగింది. తల ఎత్తకుండానే అంది: "ఇన్నేళ్ళకా అడిగేది?"

అని, చేపల గిన్నె పక్కకు జరిపింది. ఆ చోట్లో కూర్చున్నాను.

"మొదట్నించీ చెప్పు" అన్నాను.