హల్దియాపదర్ అక్కగారి దగ్గర శిష్యరికం

2022 జూలై 10, ఆదివారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ముందురోజు రాత్రి మొదలైన వాన ఇంకా తెరిపి ఇవ్వలేదు. ఒడిశాలోని బరంపురంలో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన ముగిసింది. మందిరం వసారాలో చెప్పులు వెతుక్కుంటున్న, అందరూ అక్కగారని పిలిచే ఒక వృద్ధురాలి ఎదుట నిలబడి, నాకు ప్రార్థన నేర్పమని అడిగాను. నాకు అరవై ఆరేళ్లు. ఆమెకు ఎనభై ఒకటి.

నేను బాప్తిస్మం పొంది అప్పటికి ఇరవై మూడేళ్లు. అన్నేళ్లలో ఎవరూ నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని నేర్పలేదు. ఎవరైనా పిలుస్తారేమోనని ఎదురుచూసి, పిలవరని తేలాక నేనే వెతకడం మొదలుపెట్టాను. గణాంక శాఖలో పనిచేసినదాన్ని కనుక గురువును కూడా అంకెలతోనే ఎంచుకున్నాను. ఒక సంవత్సరంపాటు స్త్రీల వరుసలను గమనించాను. ఒక్క ఆదివారమైనా తప్పని మనిషి ఆమె ఒక్కరే. ఆ సంగతి ఆమెకే చెప్పాను.

“కోడలి మొకం సూడనేక గుడికొస్తన్నానమ్మా,” అన్నారు అక్కగారు, అందరికీ వినబడేలా. “వానొచ్చినా వరదొచ్చినా నా బక్తి అదే. నా కాడేటి నేర్సుకుంటావు?”

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. నేను కదలలేదు.

“మంగళారం ఆరు గంటలకి రా. ఆరూ ఒకటైతే తలుపు తియ్యను.”

ఆమె ఇల్లు మా ఊళ్లోనే, హల్దియాపదర్‌లో. మొదటి మంగళవారం నన్ను ప్రార్థించమన్నారు. కృతజ్ఞతలు, విన్నపాలు, ఇతరుల క్షేమం, ఈ వరుసలో చేశాను. ఆమె కళ్లు మూసుకోలేదు.

“అయిపోయిందా? ఆపీసులో రిపోర్టు సదివినట్టుంది. దేవుడు సంతకం ఎట్టి పంపించేత్తాడులే.” ఆ తర్వాత అడిగారు: “ఎవుల్ని తలుసుకుంటే నీ కడుపు మండుతాది? అది సెప్పు ముందు.”

పొలసరలో ఉన్న నా చెల్లెల్ని, అని చెప్పాను. మా అమ్మ పోయిన రోజు, మతం మారినదానివంటూ చెల్లెలు నన్ను గడప దాటనివ్వలేదు. అమ్మ నోట్లో చుక్క నీళ్లు పోయనివ్వలేదు.

“అయితే ఎల్లు. దాని కాడ కూకో. నాయం అడక్కు, ప్రెభువు మాట ఎత్తకు. కూకుని రా.”

ఆగస్టులో వెళ్లాను. చెల్లెలు తన భర్త పప్పుల కొట్లో బస్తాల మధ్య కూర్చుని ఉంది. నన్ను చూసి గొంతు పెంచింది.

“ఏటప్పా, మీ దేవుడు పంపించాడా, బస్సు కాలీగుందని ఎక్కేసావా?”

కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు. స్టూలు బయట, కాలువ పక్కన వేయించింది. గంటసేపు కూర్చున్నాను. లేచేటప్పుడు మాత్రం ఆమె గొంతు తగ్గింది.

“అమ్మ ఆకర్రోజున అందర్నీ అడిగింది. పాలు పోసే ఒడియా ఆవిణ్ని సుద్దా అడిగింది. నిన్ను అడగనేదు.”

నిజమో కాదో తేల్చుకునే మార్గం నాకు లేదు. ఆ రోజు అమ్మ దగ్గర ఉన్నవారిలో బతికి ఉన్నది చెల్లెలు ఒక్కతే.

మంగళవారం వెళ్లి జరిగింది చెప్పాను. “ఏడిసావా?” అన్నారు అక్కగారు. లేదన్నాను. “అయితే మరోపాలి ఎల్లు.”

నాలుగోసారి వెళ్లినప్పుడు చెల్లెలు టీ ఇప్పించింది. ఇంటి గ్లాసులో కాదు, పక్క కొట్లోంచి తెప్పించిన కాగితం కప్పులో. అక్కగారు విని తొడ చరుచుకున్నారు. “అబ్బో, టీ దాకా వొచ్చింది! ఇంకో పదేళ్లు బతికితే బిస్కత్తు ఇత్తాది.”

ఆమె మాటలు నన్ను కోసేవి. అయినా మానలేదు. ఇరవై మూడేళ్లలో నా లోపల ఏముందని అడిగిన మనిషి ఆమె ఒక్కరే. నా ప్రార్థన కుదించుకుపోయి చెల్లెలి పేరు దగ్గర ఆగిపోయేది. అప్పుడు మాత్రం అక్కగారు కళ్లు మూసుకునేవారు.

ఆ ఇంట్లో ఒకటి మొదటి రోజు నుంచీ చూస్తున్నాను. టీ కావాలంటే ఆమె స్టీలు గ్లాసును చెంచాతో కొడతారు. కోడలు తెచ్చి పెట్టి వెళ్లిపోతుంది. మాట ఉండదు.

నవంబరు 15న ఆకాశం తేటగా ఉంది. కోడలు జ్వరంతో, తలకు గుడ్డ కట్టుకుని టీ తెచ్చింది. అక్కగారు ఒక గుక్క తాగి మళ్లీ చెంచాతో కొట్టారు. పంచదార చాలలేదట. కోడలు గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

“అక్కగారూ, మీరు కోడలితో ఎప్పుడు మాట్లాడతారు?” అని అడిగాను.

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది.

“నేను సెయ్యనేందే నీకు సెప్పాను,” అన్నారామె. “సేసిందే సెప్పాలంటే నా కాడేటుంది, బూడిద! ఎల్లు. ఇంక రాకు.”

తలుపు వేయడానికి కోడలు వచ్చింది. ఆమె నాతో మాట్లాడటం అదే మొదలు.

“వారానికి ఒక్క గంట ఆవిడ మీ మీద పడేది, నాకు ఊపిరాడేది. అదీ తీసేసారు,” అని గడియ పెట్టుకుంది.

తర్వాత వరుసగా మూడు ఆదివారాలు మందిరం దగ్గర అక్కగారిని మళ్లీ నేర్పమని అడిగాను. మూడోసారి ఆమె నా వైపు చూడకుండా పక్కవాళ్లతో అన్నారు: “ఈవిడ గురువుకే పరీచ్చ ఎట్టింది. పాసయ్యింది. ఇంకేటి కావాలంట?”

ఇంకొకరిని అడిగే ధైర్యం నాకు రాలేదు. పొలసర మాత్రం మానలేదు. మొత్తం లెక్క ఇది: ఆమె నాకు నేర్పిన మంగళవారాలు పంతొమ్మిది, పొలసరకు నేను వెళ్లినవి ఇప్పటికి పదకొండు సార్లు, చెల్లెలు నన్ను ఇంట్లోకి రమ్మన్నవి సున్న.